రిటైరైనోళ్ల ధర్నా

పానగల్‌లో హెడ్ కానిస్టేబుల్ గురవయ్య అంటే తెలియనివాళ్లు లేరు. రిటైరై ఏళ్లు గడిచినా ఆయన మీసమూ తగ్గలేదు, గొంతూ తగ్గలేదు. ఒకటో తారీఖు వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నల్లగొండ పోయి, బ్యాంకులో పింఛను తీసుకుని, తిరిగొచ్చేటప్పుడు మటన్ సంచితో బస్సు దిగేవాడు.

"సర్కారు నౌకరంటే గిది. సచ్చేదాంక నేను తింట. నేను పోయినంక నా పెండ్లాం తింటది" అని దారినపోయేవాళ్లకు వినపడేలా అనేవాడు.

"నా తిండి సంగతి తర్వాత సూద్దాం. ముందుగాల కూరకు ఉల్లిగడ్డలు కొయ్యి" అనేది లోపలినుంచి భార్య అండాలు.

వాళ్ల కూతురు స్వర్ణ కూడా పోలీసే. తెలంగాణ వచ్చాక జరిగిన సెలక్షన్లలో కానిస్టేబుల్ అయి నల్లగొండలోనే పనిచేస్తోంది. తన ఖాకీ బిడ్డ ఒంటిమీదికి వచ్చినట్టే, రిటైరయ్యాక తనలాంటి పింఛను కూడా బిడ్డకు వస్తుందని గురవయ్య లెక్క. ఆ సంగతి ఎవరినీ అడగాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఒకనాడు చుట్టాల పెండ్లికి పోతూ నార్కట్‌పల్లిలో బస్సు దిగాడు. ఆకలేసి రోడ్డు పక్క టిఫిన్ బండి దగ్గర నిలబడితే, ప్లేటు అందించిన చెయ్యి తెలిసినట్టే ఉంది. తలెత్తి చూశాడు. నాగరాణి. ఫైర్‌మన్ పరమేష్ భార్య.

హైవే మీద యాక్సిడెంట్ అయినప్పుడల్లా గురవయ్య ట్రాఫిక్ ఆపితే, పరమేష్ నుజ్జయిన బండ్ల రేకులు కోసి మనుషులను బయటికి తీసేవాడు. గురవయ్య రిటైరైన కొన్నాళ్లకు ఒక పత్తి మిల్లు తగలబడింది. లోపల చిక్కుకున్న కూలీని గుమ్మం బయటికి తోసి పరమేష్ కూలిన పైకప్పు కింద ఉండిపోయాడు. ఊరంతా ఏడ్చింది. గురవయ్య కూడా పోయి పాడె ముందు సెల్యూట్ కొట్టి వచ్చాడు.

"ఏంది బిడ్డా, గీ బండేంది? పరమేష్ పింఛను వస్తలేదా?"

"మాకు పింఛను ఏడిది కాకా? మాది కొత్త పద్ధతి. జీతంల కొంత కోసి షేర్ మార్కెట్ల పెడతరు. ఆయన నౌకరి చేసిందే కొన్నేండ్లు. జమైనయి ఇంటి అప్పుకే సరిపోయినయ్."

"మరి ఆయన జాగల నీకు నౌకరి?"

"ఖాళీ ఉన్నప్పుడు పిలుస్తరంట. గప్పటిదాంక పిల్లలు తినాలె గద" అంటూ ఆమె మరో ఇడ్లీ వేసింది. "ఫికర్ చెయ్యకు, బండి మంచిగనే నడుస్తాంది."

ఆమె నవ్వుతూనే చెప్పింది కానీ గురవయ్య ప్లేటు పక్కన పెట్టేశాడు. పెండ్లికి పోలేదు. ఎదురుగా వచ్చిన నల్లగొండ బస్సెక్కి ఇంటికొచ్చి, కూతురు డ్యూటీ దిగి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు.

"నీకు గూడ గంతేనా?" అన్నాడు, ఆమె చెప్పులు విప్పకముందే.

"గంతే నాయినా. నీది సాగర్ కాలువ, మాది బోరు. నీళ్లు పడితే పడ్డట్టు, లేకుంటే దుమ్ము."

"మరి లొల్లి చేస్తలేరేంది?"

"టీచర్లు చేస్తరు, ఆఫీసులోళ్లు చేస్తరు. వాళ్లకు సంఘాలున్నయ్. యూనిఫాం తొడిగినోళ్లు ధర్నాల కూసుంటే తెల్లారి ఇంట్ల కూసోవాలె" అని స్వర్ణ నీళ్లు తాగి లోపలికి పోయింది.

గురవయ్య అక్కడే కాసేపు మీసం సవరించుకుంటూ ఉండి, ఫోను తీసి డానియల్‌కు కొట్టాడు. డానియల్ ఫైర్ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరైనవాడు, పరమేష్‌కు పని నేర్పినవాడు. అతనిదీ పాత పింఛనే. ఇద్దరూ కలిసి మరునాడు పొద్దున, గ్రౌండ్‌లో వాకింగ్‌కు వచ్చే రిటైర్డ్ పోలీసులను, ఫైరోళ్లను కూర్చోబెట్టారు.

"మనది మనకొస్తాంది గద, మనకెందుకు గురవన్నా?" అన్నాడు మల్లప్ప. ఏఎస్సైగా రిటైరైన పెద్దమనిషి. మోకాళ్ల నొప్పి, మెత్తటి మనసు.

డానియల్ అన్నాడు: "నా ఎనక పైపు పట్టుకొని ఉరికిన పిలగాడు పోయిండు మల్లన్నా. ఆని పెండ్లాం రోడ్డు మీద ఉన్నది. నాకొచ్చే పింఛను నోటికి పోతలేదు."

గురవయ్య లేచి నిలబడ్డాడు. "వాళ్లు నోరు తెరిస్తె సస్పెండ్ చేస్తరు. మనల్నేం చేస్తరు? ఇంకోపారి రిటైర్ చేస్తరా?"

మొదట నవ్వింది మల్లప్పే.

ధర్నా రోజున కలెక్టరేట్ ముందు చూసినవాళ్లు చాన్నాళ్లు చెప్పుకున్నారు. నెరిసిన తలలవాళ్లంతా గేటు దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే ఎత్తులవారీగా వరుసలు కట్టారు. మల్లప్ప "సావధాన్" అనగానే అందరి మడమలూ కలిసి చప్పుడు చేశాయి. ఆ తర్వాతే "అందరికీ పాత పింఛను ఇయ్యాలె" అని నినాదాలు. నాగరాణి పిల్లలిద్దరినీ పట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. అండాలు మంచినీళ్ల క్యాను పక్కన కొంగు నడుముకు చుట్టి నిలబడింది.

సీఐ వచ్చాడు. ఎస్సైగా కొత్తలో ఠాణా పని గురవయ్య దగ్గరే నేర్చుకున్నవాడు. "గురవన్నా, జర లేవరాదే. పైనుంచి ఫోన్లొస్తున్నయ్."

"లెవ్వను సార్. మీ డ్యూటీ మీరు చెయ్యుర్రి. మేమేం అనుకోం."

ఎత్తి వ్యాన్‌లో పెట్టమని సీఐ సైగ చేశాడు. కానిస్టేబుళ్లు ముందుకు రాలేకపోయారు. ఎవరి భుజం పట్టుకుందామన్నా ఒకప్పటి సారే. చివరికి స్వర్ణ టోపీ సర్దుకుని ముందుకొచ్చింది.

"నాయినా, లెవ్వు."

"డ్యూటీల నాయిన ఏందే? పెద్దమనిషి అను."

"పెద్దమనిషీ, లెవ్వు."

"లెవ్వ."

ఆమె వంగి నడుము పట్టుకోబోయింది. గురవయ్య తల అడ్డంగా ఊపాడు. "గట్ల పడితె నీ నడుము పోతది. సంకల కింద చేతులెయ్యి. మోకాళ్లు వంచు. ట్రైనింగుల ఏం నేర్పిండ్రు మీకు?"

స్వర్ణకు నవ్వు ఆగలేదు. సీఐ అటు తిరిగి మొహం దాచుకున్నాడు. ఆమె తండ్రిని పద్ధతి ప్రకారం ఎత్తి వ్యాన్ దాకా నడిపిస్తుంటే, ఆయన ఆమె చెవిలో, "మంచిగ ఎత్తినవ్ బిడ్డా" అన్నాడు. అంతవరకు నవ్విన పిల్లకు అప్పుడు కళ్లు తడిశాయి.

అందరినీ ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి సాయంత్రం వదిలేశారు. ఈలోపు డానియల్ చర్చిలో పాడే గొంతుతో పాటలందుకున్నాడు, కుర్చీలు డప్పులయ్యాయి. కాపలా ఉన్న కుర్ర కానిస్టేబుళ్లు సొంత పైసలతో చాయ్ తెప్పించి, "గట్టిగ అడుగుర్రి సార్, మా కోసం" అని గుసగుసలాడారు.

కూతురు తండ్రిని ఎత్తుతున్న వీడియో ఫోన్లలో పాకింది. మహబూబ్‌నగర్ రిటైరైనోళ్లు చూసి, మేమేం తక్కువా అని అక్కడ కూర్చున్నారు. అలా జిల్లా నుంచి జిల్లాకు అంటుకుంది. కొన్ని నెలలకు పింఛన్ల మీద సర్కారు వేసిన కమిటీ, గురవయ్య వాళ్లను కూడా హైదరాబాద్ రమ్మని పిలిచింది.

గురవయ్య దారి పొడుగునా ప్రసంగం వల్లించుకున్నాడు. తీరా పెద్ద బల్ల ముందు నిలబడేసరికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. గొంతు సవరించుకుని, "గీ బిడ్డ చెప్తది సార్" అని కూర్చున్నాడు.

నాగరాణి కొంగు సర్దుకుని లేచింది. "నాకు లెక్కలు తెల్వయి సార్. మంటల్లకు ఉరికేటప్పుడు మా ఆయన, మార్కెట్ ఎక్కిందా దిగిందా అని అడగలే. లోపల మనిషున్నడా అని అడిగిండు, పోయిండు. మీరు గూడ నన్ను గదే అడగాలె, ఇంట్ల మనుషులున్నరా అని. ఉన్నరు సార్. ఇద్దరు పిల్లలున్నరు."

బల్ల అవతలి పెద్దాయన పిల్లల పేర్లు అడిగి రాసుకున్నాడు.

ఎండాకాలం పోయి వానలు పడే వేళకు ఆర్డరు వచ్చింది. అందరికీ పాత పింఛను అన్నది రాలేదు. కానీ కొత్త పద్ధతిలో చేరినవాళ్లు డ్యూటీలో ఉండగా చనిపోయినా, పనిచేయలేని దెబ్బ తగిలినా, ఇంటికి పాత పద్ధతిలోనే పింఛను వస్తుంది. ఇదివరకే పోయినవాళ్ల ఇళ్లకూ వర్తిస్తుంది.

"సగమే గదా గెలిచినం" అన్నాడు మల్లప్ప.

"సగం గెలిచినోళ్లు సగం పండుగ చెయ్యొద్దా?" అని అండాలు పొయ్యి మీద పెద్ద డేగిసా ఎక్కించింది. ఆరోజు పానగల్‌లో వాన పడుతూనే ఉంది, తినేవాళ్లు వస్తూనే ఉన్నారు. డానియల్ డప్పు అందుకుంటే, మోకాళ్ల నొప్పి మల్లప్ప అందరికంటే ముందు ఎగిరాడు. మిగతా సగం కోసం ఎప్పుడు కూర్చోవాలో అక్కడే అనుకున్నారు.

పింఛను మొదలయ్యాక నాగరాణి బండి మానేస్తుందనుకున్నారు. ఆమె మానలేదు. నార్కట్‌పల్లిలోనే చిన్న జాగా కిరాయికి తీసుకుని హోటల్ పెట్టింది. మొదటిరోజు పొద్దున గురవయ్య దంపతులు, డానియల్, లీవు పెట్టి చీర కట్టుకొచ్చిన స్వర్ణ అందరూ వచ్చారు. పరమేష్‌తో పనిచేసిన ఫైరోళ్లు ఆరుగురు మాక్ డ్రిల్ ముగించుకుని పోతూ హోటల్ ముందు ఫైరింజన్ బండి ఆపారు.

దోసెలు వడ్డించి ఇంకా చట్నీ పోయనేలేదు. బండిలో వైర్‌లెస్ పలికింది. ఊరి చివర గడ్డివాము అంటుకుంది. ఆరుగురూ ఒక్కసారి లేచి ఉరికారు. సైరన్ మోగుతూ బండి మలుపు తిరిగింది.

నాగరాణి కాసేపు గుమ్మంలో నిలబడి ఆ దుమ్మువంక చూసింది. లోపలికొచ్చి ఒక్కొక్క ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించింది. పక్కన గురవయ్య, డానియల్ టిఫిన్ ముట్టకుండా కూర్చున్నారు.

ఎండ ఎక్కకముందే వాళ్లు తిరిగొచ్చారు. మొహాలు మసి, బూట్లనిండా బురద. "వాము సగం మిగిలింది అక్కా, బర్రెలు మంచిగున్నయ్" అన్నాడొకడు చేతులు కడుక్కుంటూ.

"సల్లారినయి తినొద్దు" అని నాగరాణి ఆ ప్లేట్లన్నీ తీసేసి, పెనం మీద నీళ్లు చిలకరించి, కొత్త దోసె పోసింది.