ఇసుక మీది ఎడమ పాదం

ఒమన్ ఎడారి అంచున ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో మబ్ఖూత్ తాతను ఎరగనివాళ్లు లేరు. ఇసుకలో అడుగు చూస్తే చాలు, అది ఎవరిదో, దొంగదో దొరదో, నెలలు నిండిన మనిషిదో ఇట్టే చెప్పేస్తాడు. దారినపోయే ఒంటె ఎవరిదో చెప్పే మహానుభావుడికి ఇంట్లో చెప్పులెక్కడున్నాయో మాత్రం తనే చూపించాలని భార్య తఫ్లా దెప్పుతుంటుంది.

ఆ ఉదయం తఫ్లా మడమల పగుళ్లకు మందు రాస్తున్న నర్సు ఘాలియా కళ్లు ముసలాయన ఎడమ పాదం మీదే ఉన్నాయి. చెప్పు పట్టడం లేదని ఉత్త కాళ్లతో వచ్చాడు. పాదం వాచి ఉంది, చేయి పెడితే వేడిగా తగిలింది. అరికాల్లో విరిగిన ముల్లు లాగినా ఆయన కనుబొమ్మ కదల్లేదు. ఏళ్ల తరబడి షుగరు కాలి స్పర్శను తినేసింది. లోపల ఎముకలు నలిగిపోతున్నాయి. ఇలాగే నడిస్తే కాలు దక్కదు. పిండికట్టు వేయించుకుని కొన్ని నెలలు కాలు కింద పెట్టొద్దని ఘాలియా బతిమాలింది. నొప్పే లేనప్పుడు రోగమెక్కడిదని ఆయన నవ్వేశాడు. రేపు తెల్లారేసరికి మందను తోలుకుని బయల్దేరాలట.

తన మాట వినని మనిషి ఇసుక మాటైనా వింటాడని ఆమె ఆయన్ను వాకిట్లోకి తీసుకెళ్లింది. పొద్దున్నుంచి వచ్చినవాళ్ల అడుగులన్నీ అక్కడ కలగాపులగంగా ఉన్నాయి. వాటిలో ఆయన జాడనే చూపించి, ఎవరిదని అడిగింది. చూడగానే తనదని పోల్చుకుంటాడనుకుంది.

మబ్ఖూత్ వంగి చాలాసేపు చూశాడు.

"మనోడు కాదు బిడ్డా, ఎవరో కొత్తవాడు. ముసలాడే. ఎడమకాలి వంపు కూలిపోయింది, చూడు, బరువంతా నడిమధ్యన దిగింది. ముల్లు తొక్కి కూడా అడుగు మార్చుకోలేదు. ఆ కాలు చచ్చిపోతోంది. వీణ్ణెందుకు నడవనిచ్చారు? వెతికి పట్టుకొచ్చి పడుకోబెట్టు."

ఘాలియా నాలుగేళ్లు చదివి నేర్చుకున్నదంతా ఆయన ఒక్క అడుగులో చదివేశాడు. అంతటి కళ్లు సొంత పాదాన్ని మాత్రం గుర్తుపట్టలేదు. దీపం కిందే చీకటంటారు గానీ, ఆ దీపాన్ని చూసి ఆమెకు దండం పెట్టాలనిపించింది.

"తాతా, నీ ఎడమకాలు దాని పక్కన పెట్టు."

పెట్టాడు. తీశాడు. రెండు జాడల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా ఇసుకలో చతికిలబడి, కాలు ఆమె వైపు చాపాడు.

"కట్టెయ్యి బిడ్డా. మందను తఫ్లా తమ్ముడు తోలుకెళ్తాడు."