ఎవరిదీ కాని పుట్టినరోజు

పెదపాడు కాంతం దోమతెరల మూటతో ఏలూరు శివార్లలోని ఒక అనాథాశ్రమంలో అడుగుపెట్టగానే పిల్లలంతా బిలబిలమంటూ వచ్చి వరసగా నిలబడ్డారు. ఎవరూ అడక్కుండానే చప్పట్లు కొడుతూ హ్యాపీ బర్త్‌డే పాట అందుకున్నారు.

"ఆగండర్రా! ఇవాళ నా పుట్టినరోజు కాదు," అంది కాంతం.

"మరి మీ బాబుదాండీ?" అనడిగింది ముందు నిలబడ్డ అఖిల.

"ఎవరిదీ కాదమ్మా. ఎవరి పుట్టినరోజో కనుక్కుని కుడుతున్నాయా ఈ కొల్లేటి దోమలు?"

ఆశ్రమం నడిపే స్నేహలత నవ్వేసింది. "ఇక్కడికి అందరూ పుట్టినరోజులకే వస్తారండీ. కేకులకి లోటు లేదు. పప్పుకీ సబ్బులకీ మాత్రం నేనే ఇల్లిల్లూ తిరుగుతాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కప్పు కారుతున్న చోట బకెట్టు పెట్టి ఉంది, కానీ నేల అద్దంలా ఉంది. పిల్లల తలలన్నీ నూనె రాసి నున్నగా దువ్వి ఉన్నాయి. ఒక్క మనిషి ఇంత పని ఎలా చేస్తోందో కాంతానికి అంతుపట్టలేదు.

"మీ పుట్టినరోజు ఎప్పుడండీ? ఆ రోజున పప్పు బస్తా నేను తెస్తాను."

"నేనూ ఇక్కడ పెరిగినదాన్నేనండీ. నాకా తేదీ ఎవరూ చెప్పలేదు."

అఖిల కళ్లు మెరిశాయి. "ఇవాళ ఎవరిదీ కాదన్నారుగా! అయితే ఇవాళ స్నేహలతక్కదేరా!"

పాట మళ్లీ మొదటినుంచి మొదలైంది. చిన్నప్పట్నుంచీ ఊళ్లోవాళ్లందరికీ చప్పట్లు కొట్టిన స్నేహలతకి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.