సిగ్గు కాదు, బలవంతం

పెద్దవాళ్ళు చదివే ప్రేమ కామిక్స్‌కు కంప్యూటర్లో రంగులు వేస్తుంది కాబట్టి ఆఫీసులో ఆవిడను అందరూ రంగులక్క అంటారు. ఆ రోజు వచ్చిన పేజీలో హీరో హీరోయిన్‌ను గోడకు అదిమి పట్టుకున్నాడు. హీరోయిన్ "వదులు" అంటోంది.

"బుగ్గలు ఎర్రగా వెయ్యక్కా, సిగ్గుపడుతోంది," అన్నాడు ఎడిటర్.

"వదలమంటోంది కదయ్యా! అది సిగ్గు కాదు, బలవంతం."

"పైకి అలాగే అంటారులే. మనసులో ఇష్టమే."

"ఆ మనసు నీకెవరు చూపించారు? బొమ్మలో ఎక్కడా లేదే!"

ఎడిటర్ గొణుక్కుంటూనే పేజీని ఆర్టిస్టుకు తిప్పి పంపాడు.

సాయంత్రానికి కొత్త బొమ్మ వచ్చింది. హీరో చేతులు తీసేసి, దూరంగా జరిగి, "ఉండనా, వెళ్ళనా?" అని అడుగుతున్నాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి, హీరోయిన్ ఏమంటుందో తెలుసుకోవాలనిపించింది రంగులక్కకు.