పై పెదవి కింద

ఆ పొద్దు ఆకాశం కుడితి రంగులో ఉంది. మబ్బు కదలదు, చినుకు రాలదు. చండ్రుగొండలో బస్సెక్కాక జంపయ్య బావ నావైపు తిరిగి ఏదో అన్నాడు. నేను మొహం కిటికీ బయట పెట్టాను. బావ నోట్లోంచి చచ్చిన పందికొక్కు కంపు.

బావ బ్యాండులో క్లారినెట్ ఊదుతాడు. నాది డోలు. కార్తీకంలో ఒక పెళ్లి ఊరేగింపులో తాగి ఎగిరేవాడి మోచేయి తగిలి, క్లారినెట్ పీక బావ ముందరి పై పన్నును వేరుదాకా చీల్చింది. పీకను ఆనించేది ఆ పన్నుకే. అది లేకపోతే పాట పలకదు.

ఖమ్మంలో దంతాల డాక్టరమ్మ, నవత, పన్ను పీకిన రోజే, కొత్త పన్ను తొడగడానికి ఆ గుంటలో మరమేకు బిగించింది.

"ముందరి ఎముక గుడ్డు పెంకంత పలుచన. పన్ను పోతే కరిగిపోతది. అందుకే మరమేకును లోపలికి జరిపి, ముందు సందుల ఎముక పొడి నింపిన. గట్టిపడేదాక క్లారినెట్ ఊదొద్దు, పొగ తాగొద్దు."

"పొగ మా ఇంటావంటా లేదమ్మా," అన్నాడు బావ.

ఊదలేదు నిజమే. క్లారినెట్‌ను గుడ్డలో చుట్టి దూలానికి కట్టాడు. మాఘమాసం పెళ్లిళ్లన్నీ వైరా బ్యాండువాళ్లకు పోయాయి.

ఆ పొద్దు బస్సు దిగి పోయాక, మళ్లీ అదే కుర్చీలో పడుకోబెట్టి డాక్టరమ్మ బావ పెదవి ఎత్తింది. నల్లటి ముద్ద. పట్టకారుతో లాగితే తీగలా సాగింది. సున్నం కలిపిన తంబాకు. దాని కింద చిగురు ఉడికిన తోలులా తెల్లబడి ఉంది. నొక్కగానే చీము పళ్ల మీదికి జారింది.

"పొగ తాగొద్దంటి కద!"

"తాగలే అమ్మా, పెట్టిన. పురుగు పట్టకుండ. పుప్పిపన్నుకు మా నాయన గిట్లనే పెట్టెటోడు. ఎముక గట్టిపడతదని దినాం కొత్తది మార్సిన."

"బాగ సాకినవ్‌లే బావా," అన్నాను. "కుక్క గూడ మూతి సూడదు."

"నీ డోలు తోలు కంపు కంటె నయమే బామ్మర్దీ."

డాక్టరమ్మ నవ్వలేదు. మరమేకును రెండు వేళ్లతో పట్టింది. తిప్పకుండానే ఊడొచ్చింది. దానితోపాటు ఎముక పొడి, ఇసుక గింజల్లా, చీములో తేలుతూ వచ్చింది.

"ముందరి ఎముకంత పోయింది."

"మళ్ల బిగియ్యమ్మా."

"దేన్ని కరుసుకోవాలె అది? పుండు మానినంక ఇంకోకాడి ఎముక తీసి అతకాలె. అదన్న నిలుస్తదని చెప్పలేను."

"మరి క్లారినెట్?" అడిగాడు బావ.

ఆమె తల అడ్డంగా ఊపి చేతులు కడుక్కుంది. రెండుసార్లు సబ్బు రాసింది.

ఇంటికొచ్చేసరికి పుల్లమ్మ, మా అక్క, వాకిట్లోనే నిలబడి ఉంది. బావ పెదవి ఎత్తి చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి అన్నం మెత్తగా పిసికి చారు పోసింది.

ముగ్గురం కూర్చున్నాం. బావ పక్క దవడతో నమిలాడు. పెదవి మూసుకోక, సందులోంచి చారు ఎర్రగా గడ్డం మీదికి కారి కంచంలో పడింది. వేలితో ఎత్తి మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నేను లేవబోయాను. అక్క నా వైపు చూసింది. కూర్చుని ముద్ద కలిపాను. తిన్నాం.