గూట్లో పెట్టిన కంప్యూటర్

మా కంప్యూటర్‌కు ఒళ్ళు కాలిపోవడం మొదలై చాలా రోజులయింది. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే, అయినా ‘మా’ అనడం అలవాటు. పని మాంచి జోరులో ఉండగా లోపలి ఫ్యాను ముందు గుర్రుమంటుంది, తరువాత రాగం తీస్తుంది, ఆ తరువాత తెర నల్లబడి మొత్తం ఆగిపోతుంది. దాచుకోని పని ఎంత ఉంటే అంతా గంగలో కలిసినట్టే.

నాది పుస్తకాలకు పేజీలు కట్టే పని. ఎవరో రాసింది ఇంకెవరో టైపు చేసి పంపిస్తే, అచ్చులో ఎలా ఉండాలో అలా అమర్చి ప్రెస్సుకు పంపిస్తాను. ప్రెస్సు యజమానిని ఎదురుగా చూసి ఎంతకాలమైందో గుర్తులేదు. నాకు ముక్కుమీద కోపమని ఆయన, ఆయనకు ఒళ్ళంతా బద్ధకమని నేను, ఫోన్లో మాట్లాడుకుంటేనే ఇద్దరికీ క్షేమమని ఏనాడో తేల్చుకున్నాం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు సంగతి నాకు తెలుసు కాబట్టి ఊరిని తప్పుపట్టను.

తిట్టడానికి ఎదురుగా మనిషి లేడు కాబట్టి నా తిట్లన్నీ కంప్యూటరే తినేది. ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారట. మేమిద్దరం ఎన్నో ఏళ్ళుగా కలిసి ఉంటున్నాం, నా వేడి దానికి అంటుకుందంటే వింతేముంది? “సన్నాసీ, మళ్ళీ మొదలెట్టావూ” అని అరిచేదాన్ని. వెంటనే జాలేసి, పైన చెయ్యి పెట్టి చూసి, కాసేపు పడుకో తరువాత చూసుకుందాం అనేదాన్ని. ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇలాంటివి మామూలే. వాళ్ళు పైకి చెప్పరు, నేను చెబుతున్నాను.

దాన్ని గోడ గూట్లో పెట్టాను. ఆ గూడు సంగతి కొంచెం చెప్పాలి. ఈ ఇల్లు ఒకప్పుడు పెద్దదే. అన్నదమ్ములు పంచుకున్నారో, ఎవరికో అమ్ముకున్నారో, మధ్యలో గోడ లేపి రెండిళ్ళు చేశారు. నా వాకిలి ఈ వీధిలోకి ఉంటుంది, వాళ్ళ వాకిలి వెనక వీధిలోకి. లోపల ఉన్న ద్వారాన్ని మాత్రం అవతలి వైపు నుంచి ఒక్క వరుస ఇటుకతో మూసి ఊరుకున్నారు. నా వైపు అది లోతైన గూడులా మిగిలింది. అందులో చిన్న బల్ల, బల్ల మీద కంప్యూటర్ పెట్టె, తెర, బల్ల కింద నా మోకాళ్ళు సరిగ్గా సరిపోతాయి.

గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకు నోరుంది. ఆ ఒంటి వరుస ఇటుకలోంచి అవతలి ఇంటి సందడంతా వచ్చేది. మాటలు తెలిసేవి కావు, రాగం తెలిసేది. ఒక పెద్దగొంతు, ఒక సన్నగొంతు, గొంతే లేకుండా దగ్గు మాత్రం ఉన్న ఒకాయన. పెద్దగొంతు అత్తగారని, సన్నగొంతు కోడలని, దగ్గాయన ఇద్దరి మధ్యా నలిగేవాడని నేనే పోల్చుకున్నాను. పెద్దగొంతు ఏదో అంటే సన్నగొంతు గిన్నె ఠక్కున పెట్టేది. కాసేపటికి ముగ్గురూ నవ్వేవారు. వాళ్ళు భోజనాలకు కూర్చున్న చప్పుడైతే నాకూ ఆకలేసేది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ ఇంటి సందడే నా సందడి. ఒక్కరి మొహమూ చూసి ఎరగను. వీధి చుట్టి వెళ్ళి తలుపు తట్టవచ్చు. తట్టి ఏం చెప్పను? మీ మాటలు వింటూ బతుకుతున్నానని చెబుతానా?

కంప్యూటర్‌ను ఒక్కొక్క భాగమూ కొని బిగించి ఇచ్చింది మా తమ్ముడు. వాడుండేది వేరే ఊళ్ళో. వేడి సంగతి చెబితే, ముందు ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. వాడి దగ్గర పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. అది పనిచేయకపోయేసరికి పక్కరేకు విప్పమన్నాడు. విప్పితే లోపల దుమ్ము కంబళి పరిచినట్టుంది. వైరు పీకేసి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని కుంచెతో దులపమని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. దులిపాను. నేను దగ్గాను. అవతల దగ్గాయన కూడా దగ్గాడు. ఆ రోజు మాత్రం ఇద్దరం మాట్లాడుకున్నట్టే అనిపించింది.

అది రెండు రోజులు బాగుంది, తరువాత మామూలే. ప్రాసెసర్‌కూ దాని మీద కూర్చునే ఫ్యానుకూ మధ్య ఒక లేపనం ఉంటుందని, అది ఎండిపోయి ఉంటుందని తమ్ముడు అన్నాడు. నిజంగానే సుద్దలా పొడి రాలింది. స్పిరిట్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్త లేపనం పెట్టమంటే నేను గోడకు సున్నం కొట్టినట్టు పూశాను. తుడిచి మళ్ళీ పెట్టాల్సొచ్చింది. ఈసారి బిగించడం కూడా సరిగ్గానే కుదిరింది. అయినా వేడి తగ్గలేదు. తెర మీద చూస్తే తొంభై డిగ్రీలు దాటుతోంది, దాటిన కాసేపటికి ఆగిపోతోంది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు నేను కెలికిన కొద్దీ ముదురుతోందేమోనని భయం వేసింది.

చివరికి తమ్ముడు ఫొటో పంపమన్నాడు. లోపలి ఫొటో పంపితే, అది కాదు, ఎక్కడ పెట్టావో దూరం నుంచి తీసి పంపమన్నాడు. పంపాను. తరువాత ఫోన్ చేశాడు.

“అక్కా, దాని వీపు తీసుకెళ్ళి గోడకి ఆనించావు. మూడు పక్కలా మూసేశావు. అది వదిలిన గాలినే అది మళ్ళీ పీలుస్తోంది. ఎంత మంచి ఫ్యాను పెట్టినా ఏం లాభం? బయటికి తియ్యి.”

ప్లగ్గు ఇక్కడే ఉందన్నాను. కిటికీ పక్కన పెడితే దుమ్మన్నాను. ఎండ తెర మీద పడుతుందన్నాను. వాడు అన్నిటికీ ఊఁ కొట్టి, నీ ఇష్టం అని పెట్టేశాడు. అసలు కారణం వాడికి ఎలా చెప్పను? ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుంటే గోడ వినపడదు. ఉన్న ఒక్క ఇల్లూ పోతుంది నాకు.

మధ్యేమార్గంగా పక్కరేకు తీసేసి, బల్లఫ్యాను తెచ్చి దాని మొహాన పెట్టాను. వేడి కొంచెం దిగింది. కానీ ఆ ఫ్యాను హోరులో పెద్దగొంతు లేదు, సన్నగొంతు లేదు, దగ్గు కూడా లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సాయంత్రానికల్లా ఫ్యాను తీసేశాను.

అప్పుడు నా చేతిలో ఉన్నది చేపల పెంపకం మీద ఒక లావుపాటి పుస్తకం. నిండా పట్టికలే. ఏ చేపకు ఎంత నీరు, ఎంత మేత, ఎంత వేడి. చేపలకు ఎంత వేడి తగునో నేను గడుల్లో సర్దుతూ ఉండగా తెర నల్లబడింది. మళ్ళీ వేసి చూస్తే ఒక అధ్యాయం అధ్యాయమే తెరుచుకోలేదు. సంగతి ఫోన్లో చెప్పాను. ప్రెస్సు యజమాని అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఇద్దరికీ సరిపోయేది. ఆయన చాలా మెల్లగా మాట్లాడాడు. ఈ వారంలో అవకపోతే చెప్పండి, ఇది ఇంకొకరి చేత చేయిస్తాను, మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అన్నాడు.  పని కూడా పోతే నాకు ఫోన్ చేసేవాళ్ళలో మా తమ్ముడే మిగులుతాడు.

ఆ మధ్యాహ్నమే బల్లతో సహా అన్నీ ముందుగదిలోకి ఈడ్చుకొచ్చి కిటికీ పక్కన పెట్టాను. వైర్లు కలిపి వేశాను. ఒక గంట చూశాను, రెండు గంటలు చూశాను. వేడి సగానికి దిగి అక్కడే నిలబడింది. ఫ్యాను ఉందో లేదో తెలియనంత నెమ్మదిగా తిరుగుతోంది. జబ్బంతా గాలాడకపోవడమే. మా తమ్ముడికి కబురు చెబితే, నేను చెప్పలా అని పది రకాలుగా అన్నాడు. వాడికి ఆ హక్కుంది, పడ్డాను.

చేపల పుస్తకం గడువులోపలే వెళ్ళిపోయింది. కంప్యూటర్ ఎంత బుద్ధిగా ఉందంటే, తిట్టడానికి సందే ఇవ్వలేదు. చెయ్యి పెట్టి చూడాల్సిన పని లేదు, బుజ్జగించాల్సిన పని లేదు. నోట్లో మాట పుట్టడమే మానేసింది. ఒకరోజు సాయంత్రం ప్రెస్సు నుంచి ఫోన్ వస్తే నా గొంతు బొంగురుగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. జలుబా అని అడిగాడాయన. కాదు, పొద్దుటి నుంచి అదే మొదటి మాట.

కుర్చీ తీసుకెళ్ళి ఖాళీ గూటి ముందు వేసుకుని కూర్చోవచ్చు కదా అనిపించేది. ఒకసారి కూర్చున్నాను కూడా. పని చేసుకుంటూ ఉంటే చెవిన పడటం వేరు, పనిగట్టుకుని చెవి ఒగ్గడం వేరు. రెండోది దొంగతనం. సన్నగొంతు ఏదో అడగడం మొదలుపెట్టగానే దొంగలా లేచి వచ్చేశాను. ఆ గూట్లో పాత పేపర్లు పడేసి, ఇక అటు వెళ్ళలేదు. రోజులు చల్లగా, శుభ్రంగా, ఒకదాని వెంట ఒకటి గడిచాయి. అంత ఒంటరితనం నేను మునుపెన్నడూ ఎరగను.

అలా ఉండగా ఒక ఉదయం ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఒక పెద్దావిడ, చేతికర్ర మీద వాలి ఆయాసపడుతోంది. చిన్న మనిషి, నా భుజం దాకా కూడా లేదు. చిరునామా తప్పి వచ్చిందనుకున్నాను. ఆవిడ నోరు తెరిచాక ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. అంత చిన్న మనిషిలోంచి వచ్చిన ఆ గొంతు నాకు కంఠతా వచ్చు.

“అమ్మాయీ, నేను నీ గోడ అవతలి మనిషిని” అంది పెద్దగొంతు. “రావాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆలస్యమైందని ఏమీ అనుకోకు.”

నా అరుపుల మీద ఫిర్యాదుకు వచ్చిందనుకుని, లోపలికి తీసుకొచ్చి కుర్చీ చూపించాను. ఆవిడ కూర్చోలేదు. నన్ను దాటి లోపలి గదిలోకి చూసింది. అక్కడ మంచం ఖాళీగా ఉండటం చూసి నా చెయ్యి పట్టుకుంది. “ఎప్పుడు పోయాడమ్మా?” అని అడిగింది.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ ఇటుక వరుసకు అవతల ఉన్నది ఆవిడ మంచమేనట. నా మాటలు అన్నీ కాకపోయినా చాలా వినపడేవట. ఒళ్ళు కాలిపోతోందని రోజూ ఎవరినో అంటున్నాను. తిడుతున్నాను, మళ్ళీ పడుకోమంటున్నాను, గాలి ఆడటం లేదా అని అడుగుతున్నాను. ఆయన గొంతు ఒక్కనాడూ వినపడలేదు కాబట్టి మంచాన పడ్డ మనిషనుకుంది. పక్కన రోగి ఉన్నాడు, మెల్లగా మాట్లాడమని కొడుకునూ కోడలినీ కేకలేసేదట. ఒకరోజు సామాను ఈడ్చిన చప్పుడైంది. ఆ తరువాత నా గొంతే లేదు. ఇంకేముందని అనుకుంది.

“తిట్టినా గంటకోసారి ఒళ్ళు పట్టుకుని చూసే మనిషి ఉంది వాడికి, ఎంత అదృష్టవంతుడో అనుకునేదాన్నమ్మా” అంది ఆవిడ. “మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే. నా ఒంటి మీద చెయ్యేసి చూసినవాళ్ళు లేరు.”

ముందు నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అవునండీ పోయాడు అంటే సరిపోయేది. ఆవిడ కాసేపు కూర్చునేది, రేపూ వచ్చేది, నేను కళ్ళు ఒత్తుకుంటే వీపు నిమిరేది. మనల్ని పరామర్శించడానికి మనుషులు రావాలంటే ముందు మనకో మనిషి ఉండి పోవాలి. అది కూడా లేదు నాకు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది కానీ, ఆవిడ చెయ్యి నా చేతిలో ఉండగా బయటికి రాలేదు.

ఆవిడను కిటికీ దగ్గరికి నడిపించుకెళ్ళి, “ఈయనేనండీ” అన్నాను.

ఆవిడ కంప్యూటర్‌ను చూసింది, నన్ను చూసింది. నేను జరిగినదంతా చెప్పాను. దుమ్ము సంగతి, లేపనం సంగతి, గూట్లో గాలాడకపోవడం, చేపల పుస్తకం, అన్నీ చెప్పాను. ఒక్క గోడ సంగతి దాచుకున్నాను. నేను చెబుతున్నంత సేపూ ఆవిడ దాని మీద అరచెయ్యి ఆనించి, నుదురు చూసినట్టు చూస్తూ నిలబడింది. ఇప్పుడు చల్లగానే ఉందే అంది. అవునండీ, తగ్గిపోయింది అన్నాను. ఆవిడ నవ్వితే బాగుండేది. నేనూ నవ్వేసి కాఫీ పెట్టేదాన్ని. ఆవిడ నవ్వలేదు.

“ఇంట్లో ఇంకెవరూ లేరా?”

“లేరండీ.”

“మరి నీకు జ్వరమొస్తే?”

  పోయినసారి జ్వరం వచ్చినప్పుడు ఏం చేశానో గుర్తుచేసుకున్నాను. పడుకున్నాను, తగ్గాక లేచాను. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. కళ్ళనీళ్ళు రావడం ఆవిడ చూసింది, చూడనట్టు కర్ర సర్దుకుంది.

“గోడ మీద కొట్టు. నా మంచం అక్కడే” అంది. “వీధి చుట్టూ తిరిగి రావాలి కాబట్టి కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. ఊరికే కొట్టకు, నా మోకాళ్ళు మంచివి కావు. జ్వరమొస్తేనే కొట్టు.”

మలుపు దాకా తోడు వెళ్ళాను. ఇక నేను వెళతాలే, నువ్వు ఇంటికి పో అని పంపించేసింది. తిరిగొచ్చి, గూట్లోని పాత పేపర్లు తీసేసి గోడ పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి అవతల తలుపు తెరుచుకుంది. సన్నగొంతు ఏదో అడిగింది, పెద్దగొంతు ఏదో చెప్పింది. మాటలు తెలియలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. చల్లగా ఉంది. ఎన్నడూ లేనిది, నాకు జ్వరమొస్తే బాగుండుననిపించింది.