నీళ్ళ వణుకు

కామమ్మకు అన్యాయం జరిగింది 2025 వినాయక చవితి మర్నాడు. చేసింది ఊరి కాపు, అంటే కులపెద్ద, పద్మనాభయ్య. తలాడించింది మిగతా ఊరు.

పులికాట్ ఒడ్డున పల్లె వాళ్ళది. మొగుడు ముత్యాలయ్య పోయాక కామమ్మకు అన్నం పెట్టింది తన చేతులే. తెల్లారగానే తాటాకు బుట్ట తాడు పళ్ళతో కరిచి పట్టుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగేది. అడుగు బురదలో వేళ్ళు పాకించి రొయ్యల్ని తడిమి పట్టేది. బుట్ట నిండితే ఒడ్డుకు, ఒడ్డెక్కితే సంతకు.

కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక, దాంతోపాటు దగ్గరున్న నీళ్ళూ వణికేవి. గ్లాసులో టీ, ఎసట్లో నీళ్ళు, దిగితే సరస్సు. కూతురు సుభాషిణి కుండల కింద గుడ్డ చుట్టలు పెట్టింది. పక్కింటివాళ్ళు తమ బిందెను కాస్త అవతలికి జరుపుకున్నారు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నవి రొయ్యలే. ఆమె దిగితే రేవంతా అదిరి, అవి లోతుకు పారిపోయేవి. అందుకని పద్మనాభయ్య దురాయి వేశాడు: చెయ్యి నిలబడేదాకా కామమ్మ నీళ్ళలో కాలు పెట్టకూడదు. దురాయంటే ఊరి కట్టు, దాటితే వెలి. పద్మనాభయ్య తాగి తూలినప్పుడు సరస్సు తూలదు గనక ఆయనకు మాత్రం ఏ దురాయీ లేదు.

వణుకుకు మింగుతున్న మాత్రలు పనిచేయడం మానేశాయి. తల్లీకూతుళ్ళు గూడూరులో రైలెక్కి చెన్నైలో ఒక పెద్దాసుపత్రికి పోయారు. వణుకు పుట్టే చోటు మెదడు అట్టడుగున ఉందనీ, చిక్కుడు గింజంత కూడా ఉండదనీ, అక్కడికి సన్నటి తీగ పంపితే వణుకు ఆగొచ్చనీ డాక్టరు విజయకుమారి చెప్పింది. తీగ వెంట్రుకవాసి పక్కకు పోతే మాటే పోవచ్చు. మామూలు స్కానింగులో ఆ చోటు మసిమరకలా ఉంది. దాని అంచులు కనబడాలంటే రెట్టింపుకు పైగా బలమున్న అయస్కాంతంలో పడుకోవాలి.

"అయస్కాంతానికి తలలో ఏం పని డాక్టరమ్మా?" అంది కామమ్మ.

"తలలో ఎక్కువ భాగం నీళ్ళేనమ్మా. మిషను ఆ నీళ్ళని కదిలిస్తుంది. అవి మళ్ళీ సర్దుకునేటప్పుడు విని బొమ్మ గీస్తుంది."

కామమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. ఒక్క చెయ్యి కదిలినందుకే ఊరు తనను ఒడ్డున కూర్చోబెట్టింది. తలంతా కదిలితే?

స్కానింగు గది బయట టైటస్ అనే టెక్నీషియను కమ్మలు, ముక్కుపుడక, పిన్నీసులు తీయించాడు. ఒంట్లో ఎక్కడైనా ఇనుముందా అని తిప్పి తిప్పి అడిగాడు. లేదంది తల్లి. లేదంది కూతురు. అబద్ధమాడాలని కాదు. ఆ పల్లెలో గాలం ముల్లు విరిగి ఒంట్లో ఉండిపోని మనిషి లేడు. పుట్టుమచ్చలాంటి దాన్ని ఎవరు లెక్కబెడతారు?

తలుపు ముందు నిలబడ్డారు. సుభాషిణి చేతిలో నీళ్ళ సీసా ఉంది. అందులో నీళ్ళు వణకడం మానేశాయి. మెల్లగా తలుపు వైపు వాలాయి. సీసా నిటారుగా ఉంది, నీళ్ళు మాత్రం ఏటవాలుగా పైకి పాకి మూతను అంటుకున్నాయి.

కామమ్మ సీసా వంక చూసింది. ఆ నీళ్ళు ఎప్పుడూ కామమ్మ చెయ్యి చేసిందే చేసేవి. వాటిని లాగుతున్నదేదో చేతినే లాగబోతోంది.

"నాయనా, ఆగు," అంది కామమ్మ. కుడి బొటనవేలి మొదలు నొక్కి చూపించింది. "ఇందులో గాలం ముల్లు ముక్క ఉండాది. పెళ్ళైన కొత్తల్లో ఆయన తాడు చిక్కు తీస్తా ఉంటే దిగింది."

టైటస్ తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. "ఇందాక అన్నిసార్లు అడిగాను గదమ్మా."

"ఊళ్ళో అందరికీ ఉండాది గదా, చెప్పాలని తోచలా."

లోపలికి పోయుంటే ఆ ముక్క కండను చీల్చుకుంటూ పోయేదని టైటస్ చెప్పాడు.

ముక్కను కోసి తీశారు. కుట్లు మానేదాకా ఆగారు. ఈలోగా కామమ్మ నిద్రపోయిందీ లేదు, సరిగ్గా తిన్నదీ లేదు. తల కదిలితే ఆ అదురు సరస్సుదాకా పోతుందేమోనని, స్కానింగుకు ముందు పద్మనాభయ్యకు ఫోను చేయించింది: ఆ పూట ఎవరినీ నీళ్ళలోకి దిగనీయొద్దని. ఆయన మిగతావాళ్ళను ఆపాడు. తను మాత్రం, ఊళ్ళో చీటీలు తీసి వంతులు పంచితే తన వల వంతు ఆ రోజుకే పడింది, వదులుకోనన్నాడు.

అయస్కాంతం గొట్టంలో కామమ్మ కళ్ళు మూసుకుంది. ఎడమ చేతిలో రబ్బరు బుడ్డి. భయమేస్తే నొక్కమన్నారు. భయం ఎప్పుడో వేసింది, నొక్కలేదు. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, మళ్ళీ నీళ్ళలోకి దిగే దారి మూసుకుపోతుంది. చెవుల పక్కన సమ్మెటలు మోగాయి. పళ్ళ మధ్య బుట్ట తాడు ఉన్నట్టు దవడ బిగించింది.

అదే సమయంలో పులికాట్‌లో నీళ్ళు సమ్మెట దెబ్బల్లా కొట్టుకున్నాయి. రేవులో పడవలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. నడుంలోతులో నిలబడ్డ పద్మనాభయ్య ఎముకల్లోకి ఆ అదురు ఎక్కింది. చేతుల్లోంచి వల జారిపోయింది. నీళ్ళు ఆగాయి గానీ ఆయన చేతులు ఆగలేదు.

కామమ్మ బయటికొచ్చి కూర్చోగానే పద్మనాభయ్య ఫోను చేశాడు.

"వదినా, బాగుండావా?"

"బాగుండా. ఒడ్డుకొచ్చినావా నువ్వు?"

"వచ్చినా. గ్లాసు పట్టుకోలేకపోతా ఉండా." గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది. "ఇంత వణుకు పెట్టుకుని రోజూ నీళ్ళల్లోకి ఎట్టా దిగతావు వదినా?"

"నువ్వు దిగనిస్తే గదా."

ఆయన ఫోను పెట్టేశాడు.

డాక్టరు బొమ్మ చూపించింది. నల్లటి గింజ, గీసినట్టు అంచులు. తీగ వేసేది తర్వాతి నెలలో. అది పనిచేస్తుందో లేదో అప్పటికింకా ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రమే పద్మనాభయ్య వలల కొట్టం గోడ మీద సున్నంతో, వంకర్లు పోయిన అక్షరాల్లో, కామమ్మ మీద దురాయి తీసేసినట్టు రాశాడు. కింద తేదీ వేశాడు. స్కానింగు బొమ్మ మూలనా అదే తేదీ ఉంది: 11 డిసెంబరు 2025.