బడగ నాడు పెట్టిన మేళా

మా సంస్థ పేరు నిచ్చెన. పల్లెబడుల పిల్లలకు పదో తరగతి అయినంక ఏం చదవాలె, ఏ పని నేర్వాలె, కొలువుకు పోతే ఎట్ల మాట్లాడాలె అని చెప్పుడు మా పని. కరీంనగర్‌ల పెద్దాఫీసు, ఆదిలాబాద్‌ల చిన్నాఫీసు. చిన్నాఫీసుల ఇంచార్జి కుర్సీ ఒకటున్నది. దాని మీద తువ్వాల పరిచి ఉంటది. తువ్వాల నేను కొన్నదే. కుర్సీ నాది కాదు. ఏడాదిన్నర సంది ఖాళీగున్నది, రోజూ పొద్దున దుమ్ము దులిపేది మాత్రం నేనే.

స్టీఫెన్ సార్ ఈ సంస్థ పెట్టి పద్నాలుగేండ్లాయె. అప్పుడు సార్ కరీంనగర్‌ల ఒక బడిల సైన్స్ చెప్పేటోడు. ఆ బడి ముంగట సైకిల్ షాపుల నేను పంక్చర్లు వేసేటోన్ని. సారుకు ఊళ్లు తిరుగనీకి మనిషి కావాల్నాయె, బండి కావాల్నాయె. నా దగ్గర పాత మోపెడ్ ఉండె. గట్ల సంస్థల నేను రెండో మనిషినైన.

మోపెడ్ వెనుక ఒక ఇనుప పెట్టె కట్టేటోన్ని. అండ్ల టెస్టరు, పానాలు, కుట్టుమిషన్ సామాను, డాక్టర్లు మెడలేసుకునే గొట్టం, టేపు, చార్టులు. పిల్లలు ఒక్కొక్కటి పట్టుకొని చూసి, ఏ పనికి ఏ సామాను కావాల్నో తెలుసుకునేటోళ్లు. ఆదిలాబాద్ గోండుగూడాలల్ల నా పేరు ఎవ్వరికీ తెల్వది. అందరికీ నేను పెట్టె సారునే.

ప్రతి బళ్లె నాకు ఐదు నిమిషాలు ఇస్తరు. "నన్ను చూడుండ్రి. ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టిన. నా లెక్క కాకుండ్రి" అని చెప్పాలె. మొదట్ల తల వంచుకొని చెప్పేటోన్ని. ఇప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు వస్తది. చెడిపోయిన సామానును చూపించి గిట్ల చెడగొట్టకుండ్రి అన్నట్టు, నన్ను చూపించుడు కూడ సంస్థ కార్యక్రమమే.

అయినా ఏం ఫికర్ లేకుండె. సారు ఒకసారి భుజం మీద చెయ్యేసి, "ఇంచార్జికి డిగ్రీ చూడం కైలాసం, అనుభవం చూస్తం. దసరా వరకు తేలుస్త" అన్నడు. ఆ మాట పట్టుకొనే బతికిన.

గప్పుడు మమతారాణి వచ్చింది.

వేములవాడ పిల్ల. ఇరవై ఆరేండ్లు. సోషల్ వర్క్‌ల పెద్ద చదువు. మెడల వేసుకునే కార్డు మీద ఆమెకు 'ప్రోగ్రాం ఆఫీసర్' అని ఉంటది, నా దాని మీద 'సహాయకుడు' అని ఉంటది. వచ్చిన మూడు నెలల్ల హెడ్‌మాస్టర్లు నాకు ఫోన్ చేసుడు బంద్ చేసిండ్రు. ఐదు నెలలకు గోండి మాట్లాడుడు నేర్చింది. నాకు పద్నాలుగేండ్లల్ల ఇరవై ముప్పై మాటలు వచ్చినయ్, అవి కూడ అన్నం నీళ్ల కాడివే. ఆమె స్కూటీ చప్పుడు వినంగనే పిల్లలు గేటు దాంక ఉరుకుతరు. నా బండి చప్పుడుకు కుక్కలు ఉరుకుతయ్.

ఫోటోల ముచ్చట ఇంకోటి. అన్ని ఫోటోలల్ల ఆమె ఉంటది. నేనెందుకు లేనంటే, తీసేది నేను గనుక.

మంచిది కాకపోతే తిట్టుకుందును. తిట్టుకోనీకి ఆమె సందియ్యది. వానొస్తే తన రెయిన్‌కోటు నా పెట్టె మీద కప్పుతది. టిఫిన్ తెస్తే సగం నాకు పెడ్తది. "కైలాసమన్నా, కైలాసమన్నా" అని నోరార పిలుస్తది. నాకు అది ఇంక మండేది.

శ్రావణంల సారు పెద్ద కార్యక్రమం ఒకటి పెట్టిండు. మంచిర్యాల దిక్కు ట్రైనింగ్ సెంటర్ వాళ్లు ఇప్పగూడ హైస్కూలుకు వచ్చి, ఇరవై మంది పిల్లలను ఏరుకుంటరు. ఏడాది నేర్పుతరు, తిండి, ఉండుడు వాళ్లదే, అటెనుక కొలువు. చుట్టూ ఐదు గూడాల పిల్లలు, పోయినేడు పది పాసైనోళ్లు అందరు రావాలె. దీనికి కొలువుల మేళా అని పేరు. సారు అందరి ముంగట అన్నడు, "ఈ మేళా అయినంకనే ఇంచార్జి ఎవరో చెప్త" అని.

తారీకు పెట్టుడు మమతారాణి పని. గోడ మీది క్యాలెండర్ ముంగట నిలబడి అడిగింది.

"అన్నా, సోమవారం పొలాల అమాస. ఎడ్ల పండుగ కదా, పిల్లలు రారు. మంగళవారం పెడ్దామా?"

నా నోట్లె మాట వచ్చి ఆగింది. పొలాల మర్నాడు బడగ. క్యాలెండర్ల ఉండది. ఆ దినం తెల్లారంగనే గూడెమంత పొలిమేరకు పోతది. పిల్లలు నెల రోజులు వెదురు కట్టెల మీదెక్కి టకటక నడుస్తరు, ఆ కట్టెలను బడగ నాడు పొలిమేర కాడ ఇడిసిపెట్టి వస్తరు. పొద్దు వాలేదాంక బడి మొకం చూసేటోడు ఉండడు. హెడ్‌మాస్టర్ కొత్తగ పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చిండు, ఆయనకూ తెల్వది. తెలిసినోన్ని నేనే.

"అన్నా?"

"పెట్టుకో మేడం. నీకు తెల్వనిది ఏమున్నది."

"గట్లనకన్నా. నువ్వు సరే అంటేనే పెడ్త."

"సరే."

గంతే. ఒక్క మాట. నేను అబద్ధం ఆడలే అని మూడు దినాలు నాకు నేనే చెప్పుకున్న.

పొద్దున సద్ది తింటాంటే నా పెండ్లాం బాలవ్వ అడిగింది. ఆమెది ఆ దిక్కు ఊరే. "నవత బాపూ, మంగళవారం ఇప్పగూడల మేళా అంటివి. బడగ గాదు? పిల్లలు వస్తరా?"

"నీకెందుకే? చదువుకున్నోళ్లు పెట్టిండ్రు."

"చదువుకున్నోళ్లకు ఎరుకుండదనే కదా నిన్ను పెట్టుకున్నరు."

కంచంల చెయ్యి కడుక్కొని లేచిన. జేబుల ఫోన్ ఉన్నది. మమతారాణి నెంబర్ ఉన్నది. చేసేది ఉంటే ఒక్క నిమిషం పని.

మంగళవారం పది గంటలకు ఇప్పగూడకు పోయినం. బడి గేటుకు మామిడాకులు, లోపట షామియానా. ట్రైనింగ్ సెంటర్ నుంచి ఒక సారు, ఒక మేడం కార్ల వచ్చిండ్రు. స్టీఫెన్ సార్ ఇస్త్రీ అంగీ వేసుకున్నడు. వంద కుర్సీలు వేసినం. పిల్లలు తొమ్మిది మంది వచ్చిండ్రు. అందరు కిరాణాకొట్టోళ్ల పిల్లలు, టీచర్ల పిల్లలు, ఈ ట్రైనింగ్‌కు పోయేటోళ్లు కాదు. గూడాల నుంచి ఒక్కడు లేడు.

పదకొండాయె. పన్నెండాయె. మమతారాణి గేటుకు, రోడ్డుకు తిరిగి తిరిగి పరేషానైంది. మొకం చెమటకు తడిసింది. నేను షామియానా గుంజకు ఒరిగి నిలబడ్డ. సంతోషం అయితదనుకున్న. కడుపుల చల్లగ ఉంటదనుకున్న. కొంచెం ఉండె కూడ, ఎందుకు దాయాలె.

వంటగదిల అన్నం వండే భీంబాయి, ఇంత అన్నం ఎవరు తింటరని మొత్తుకుంట బయటికి వచ్చింది. "ఇయ్యాల బడగ కదా మేడం, ఎవరొస్తరు? నేనే పొలిమేర మొక్కు మొక్కి ఉరికొచ్చిన." నా దిక్కు చెయ్యి చూపింది. "పెట్టె సారుకు ఎరుకే గద! పోయినేడు మాతోనే పొలిమేర కాడ ఉండె, మా పిల్లల కట్టెలెక్కి నడవబోయి బోర్ల పడె."

పకపక నవ్వి లోపటికి పోయింది. మమతారాణి నవ్వలే. నా దిక్కు చూసింది. నేను గుంజకు కట్టిన తాడు దిక్కు చూసిన.

వచ్చిన సారు గడియారం చూసుకున్నడు. "మాకు వేరే మండలంల కూడ అడుగుతున్నరు స్టీఫెన్ గారూ. ఈ సీట్లు అటు ఇచ్చేస్తం, ఏమనుకోకండి."

స్టీఫెన్ సార్ ఎన్నడూ గొంతు లేపడు. గప్పుడు కూడ లేపలే. "తారీకు ఎవరు పెట్టిండ్రు? ఇక్కడి సంగతి తెలిసినోళ్లను అడిగిండ్రా?"

పద్నాలుగేండ్లు ఒక్క మాటతోని పోతయ్ అనుకున్న.

"నేనే పెట్టిన సార్," అన్నది మమతారాణి. "ఎవ్వరినీ అడగలే. క్యాలెండర్ చూసి పెట్టిన. తప్పు నాదే."

కారు పోయింది. సారు హెడ్‌మాస్టర్ గదిలకు పోయి తలుపు దగ్గరికేసుకున్నడు. నేను మమతారాణి వెనుక పోయిన.

"ఎందుకు అబద్ధమాడినవ్?"

"ఏం చెప్పాలె అన్నా? పద్నాలుగేండ్ల మనిషి మీద ఎనిమిది నెలల దాన్ని చాడీ చెప్తే సారు నమ్ముతడా?" ఖాళీ కుర్సీలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంట అన్నది. "నా మీద కోపముంటే నన్ను తిట్టకపోయినవ్? చెంప మీద కొట్టినా పడుదును. పిల్లలేం చేసిండ్రు నీకు?"

నా జవాబు కొరకు ఆమె నిలబడలే.

గప్పుడే గేటు కాడ జంగుబాయి కనపడ్డది. ఈ పిల్ల సంగతి చెప్పాలె. ఎనిమిదిల బడి మానిపిస్తే, వాళ్ల బాపు కాడ నాలుగు దినాలు కూసోని మళ్లీ బడికి పంపించిన. పోయినేడు పది పాసైంది. "ఈ సీటు వస్తే పంపుత, రాకపోతే ఇగ పత్తి చేనే" అన్నడు వాళ్ల బాపు. నేనే మాటిచ్చిన, వస్తదని. మరి సరే అన్న దినం ఈ పిల్ల నాకు యాదికి రాలేదా అంటే, వచ్చింది. ఒక్కదాని కొరకు ఏమైతది తియ్యి అనుకున్న.

మోకాళ్ల దాంక బురద. చేతిల ప్లాస్టిక్ కవరు, అండ్ల సర్టిఫికెట్లు. పొలిమేర కాడి నుంచి పొలాలకు అడ్డంబడి ఉరికొచ్చింది.

"పెట్టె సార్! ఐపోయిందా?"

మమతారాణి ఉరికి వచ్చి ఆ పిల్లను పట్టుకున్నది. "లేదు, లేదు. వాళ్లు ఇప్పుడే పోయిండ్రు. క్రాస్‌రోడ్డు హోటల్ల తిని పోతమన్నరు. నా స్కూటీ మీద పోదాం దా."

తారు రోడ్డు మీద క్రాస్‌రోడ్డుకు ముప్పై కిలోమీటర్లు. గుట్ట చుట్టు తిరిగి పోవాలె. ఆ స్కూటీకి అందదు. వాగు దాటి అడవిల పడితే తొమ్మిదే. ఆ తొవ్వ మా ఇద్దరిల నాకే ఎరుక.

ఇప్పుడు నేను చేసింది మంచితనం అనుకోకుండ్రి. మమతారాణి ఆ పిల్లను స్కూటీ మీద ఎక్కించుకుంటాంటే నాకు కనపడ్డది ఒక్కటే. ఈ పిల్లను కూడ ఆమెనే గట్టెక్కిస్తది, రేపు ఇది కూడ ఆమె ఖాతాలనే పడ్తది. నేను నాలుగు దినాలు వాళ్ల వాకిట్ల కూసున్నది ఎవడు యాది చేస్తడు?

"దిగు బిడ్డా," అన్న. "నా బండెక్కు."

మమతారాణి నా మొకం చూసింది. జంగుబాయిని దింపి, సర్టిఫికెట్ల కవరును తన రెయిన్‌కోటుల చుట్టి ఇచ్చింది.

ఇనుప పెట్టె విప్పి బడి వరండల పెట్టిన. పద్నాలుగేండ్లల్ల ఆ పెట్టె లేకుండ బండి నడుపుడు అదే మొదటిసారి. వాగుల బండి రెండుసార్లు ఆగింది. జంగుబాయి దిగి నూకింది. ముండ్లకు నా అంగీ చేయి చినిగింది. క్రాస్‌రోడ్డు కాడికి పోయేసరికి వాళ్లు చాయ్ తాగుతున్నరు.

హోటల్ బెంచీ మీదనే అడిగిండ్రు. ఆ పిల్ల బురద కాళ్లు బెంచీ కిందికి ముడుచుకొని, ఒక్కొక్కదానికి నిదానంగ జవాబిచ్చింది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలె, మొకం ఎటు తిప్పాలె, రాకపోతే రాదని ఎట్ల చెప్పాలె, అన్నీ చేసింది. అవన్నీ మమతారాణి గూడెం పోయి నేర్పినవే. నేను గల్లాపెట్టె కాడ నిలబడి చూసిన.

"ఒక సీటు ఉంచుతం," అన్నది ఆ మేడం.

జంగుబాయి నా దగ్గరికి ఉరికొచ్చింది. కాళ్లు మొక్కుతదేమో అని జర వెనుకకు జరిగిన. ఆమె చెయ్యి చాపింది.

"సార్, ఫోన్ ఇయ్యుండ్రి. మమతా మేడంకు చెప్పాలె."

ఇచ్చిన. పేర్లల్ల దేవులాడింది. "మేడం పేరు లేదు సార్?"

ఉన్నది. 'కొత్త పోరి' అని రాసుకున్న. ఫోన్ గుంజుకొని నేనే కలిపి ఇచ్చిన. అటు నుంచి మమతారాణి ఏడుపు నాక్కూడ ఇనబడ్డది.

మిగిలిన పందొమ్మిది సీట్లు వేరే మండలం పిల్లలకు పోయినయ్. ఆ సీట్లు పోగొట్టుకున్న మా గూడాల పిల్లలు ఎవరెవరో నాకెరుక. పత్తి ఏరుతాంటే తొవ్వల కనపడ్తరు. "రాం రాం పెట్టె సార్" అంటరు. బండి ఆపకుండ చెయ్యి లేపుత.

దసరాకు రెండు దినాల ముందు స్టీఫెన్ సార్ ఆదిలాబాద్ వచ్చిండు. అందరిని కూసోబెట్టి చెప్పిండు. "నేను అనుభవం చూద్దామనుకున్న. కని ఇప్పగూడల ఒక సంగతి చూసిన. బయటోళ్ల ముంగట, తప్పు నాదే అని ఎవ్వరి మీదికీ నూకకుండ చెప్పుడు చిన్న ముచ్చట కాదు. గసుంటి మనిషే ఆ కుర్సీల ఉండాలె."

అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను కూడ కొట్టిన. ఆమె చెయ్యని తప్పును మీదేసుకొని కుర్సీ ఎక్కింది, ఆ తప్పు చేసింది నేను. లేచి "అది నా తప్పు సార్" అంటే ఆమె కుర్సీ పోవచ్చు, పోకపోవచ్చు, నా కొలువు మాత్రం పోతది. ఆఖరికి తప్పు కూడ నాకు మిగల్చలే.

ఇంచార్జి అయినా ఆమె ఆ కుర్సీల కూసోలే. కొత్త సంవత్సరం క్యాలెండర్ రాంగనే గోడ కాడికి నన్ను పిలిచి, తన ఎర్ర పెన్ను నా చేతిల పెట్టింది.

"కైలాసమన్నా, ఏ ఊళ్లె ఏ దినం పిల్లలు రారో అన్నీ నువ్వే గుర్తు పెట్టు. నువ్వు పెట్టినంకనే నేను ఏదైనా పెడ్త."

మొకంల ఎగతాళి ఉన్నదా అని చూసిన. లేదు. ఉంటే బాగుండు.

పన్నెండు నెలలు గుర్తులు పెట్టిన. జాతరలు, అంగళ్లు, పత్తి ఏరే వారాలు. పొలాల మర్నాటి చుట్టు రెండుసార్లు సున్న చుట్టిన. పెన్ను ఆమెది. జేబుల పెట్టుకొని వచ్చిన. ఇప్పటిదాంక అడగలే, నేనూ ఇయ్యలే.